కొలత చీటీ వెనకవైపు

జూన్ 3

అత్తయ్యకు,

నేను బాగున్నాను. నువ్వు కూడా బాగానే ఉండి ఉంటావు. ఊహించుకుని రాస్తున్నాను, ఎందుకంటే నీ పోయిన ఉత్తరంలో ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. దానికి బదులు ఇది రాశావు:

కిర్రుమంటూ తలుపుల్లా మోకాళ్ళు లేస్తున్నాయి,
నూనె పోద్దామంటే వాటికి మూతలెక్కడున్నాయి?
పళ్ళేమో గ్లాసులో, కళ్ళేమో డబ్బాలో,
మిగిలిన నేనొక్కదాన్ని దుప్పటి మడతల్లో.

ఇది మా ప్రెస్సు ఫోర్‌మన్ కంటపడింది. మిషను ఆపించి మరీ అందరికీ చదివి వినిపించాడు. మడత బల్ల దగ్గర ఉన్నవాళ్ళు కూడా కాగితాలు వదిలేసి నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నవ్వించడం తప్పని నేననను. నవ్వించి ఏం సాధించామని అడుగుతున్నాను. ఈమధ్య ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం ఒకటి మూడుసార్లు చదివాను. నవ్వంటే కోపానికి పాడే జోలపాట అని రాశారందులో. నువ్వు ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ టైలరు మాస్టారి కొట్లో కూర్చుని వీధి వీధంతటికీ జోల పాడుతున్నావు. ఒక్కసారి ఆలోచించు. నీ చేతి మీదుగా వెళ్ళే ప్రతి బట్టకీ కొలత చీటీ పిన్ను పెట్టి, దాని వెనక ప్రాసలో నాలుగు ముక్కలు గిలికి పంపుతావు. అంతమంది చదివే చోటు ఏ కవికి దొరుకుతుంది? దాన్ని తీసుకెళ్ళి పొట్టల మీదా, పళ్ళసెట్ల మీదా తగలేస్తున్నావు! ప్రపంచం అంటుకుంటోందని అరిస్తే 'అంటుకుంటోంది'కి ప్రాస ఏది కుదురుతుందా అని వెతికే రకం నువ్వు.

శ్రమ గురించి రాయి. అన్యాయం గురించి రాయి. నిన్ను చూసి గర్వపడే అవకాశం నాకివ్వు.

పోరాట వందనాలతో,
నీ మేనల్లుడు

తా.క. నువ్వు పోయినేడు కుట్టిన చొక్కా చంకల దగ్గర బిగిసిపోయింది. చెయ్యెత్తితే చిరుగుతోంది. ఇవి చెయ్యెత్తాల్సిన రోజులు.

*

జూన్ 11

ఒరేయ్ అగ్గిపెట్టె అల్లుడూ,

నీ పోరాట వందనాలు అందాయి. వాటికి బదులుగా ఏమివ్వాలో నాకు తెలీదు కాబట్టి ఆశీస్సులే పంపుతున్నాను, సర్దుకో.

తాతకు దగ్గులు నేర్పడానికి బయల్దేరావన్నమాట. సరే. మన పోస్టాయన ఉన్నాడు కదా, పంట్లాం పట్టుకొచ్చి "ఇది ఉతుకులో కుంచించుకుపోయిందండీ" అని గోల. మాస్టారు నడుం కొలిచి చీటీ మీద అంకె వేశారు. నేను వెనకవైపు ఇలా రాశాను:

పోయినేడు ముప్పైరెండు, ఈయేడు ముప్పైయారు,
పంట్లామే కుంచించుకుందని పాపం తమరు చెప్పారు.
బట్ట మీద నింద వద్దు, సబ్బు మీద మోపవద్దు,
మారు వడ్డన వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెడితే ముద్దు.

అతను ఇంటికెళ్ళి వాళ్ళావిడకి చూపించాడట. ఆవిడ దాన్ని వంటింటి తలుపుకి అంటించింది. నీ ముప్పై రెండు పేజీలు ఎవరి వంటింట్లో అంటించారో కాస్త కనుక్కుని రాయి.

మాస్టారు ఎప్పటిలాగే ఉన్నారు. కత్తెరా, సుద్దా, టేపూ మాట్లాడితే చాలనుకునే మనిషి. నాకు అరవయ్యొకటి నిండినా ఆయనకి నేనింకా "అమ్మాయ్"నే. ఎవరి మీదైనా కోపమొస్తే తిట్టరు, కొలత తియ్యరు, అంతే. "రేపు రండి" అంటారు. ఆ రేపు ఏడాదైనా రాదు. పాలాయన మూడేళ్ళుగా రెడీమేడ్ చొక్కాలు వేసుకు తిరగడానికి కారణం అదే.

అన్యాయం గురించి రాయమన్నావుగా. ఇదిగో, మొన్న జరిగింది:

వెనకగదికి ముప్పయ్యొక్క ఏళ్ళుగా యజమానిని,
ఇవాళ్టి నుంచి వీధి కిటికీకి కాపలా మనిషిని.
కదలమంది కత్తెర, కారణం చెప్పలేదు,
కాదనేలోగా మిషనెత్తింది, నన్నడగనే లేదు.

పొద్దున్న వెళ్ళేసరికి నా మిషను వెనకగదిలో లేదు. వీధివైపు కిటికీ కింద ఉంది. దారిన పోయేవాళ్ళందరికీ నా నెత్తి కనిపిస్తోంది. "ఇదేంటి మాస్టారూ?" అంటే "కూర్చో అమ్మాయ్" అన్నారు. అయిపోయింది.

ఇంకో మాట. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు. మిషను సూదికి చేతి అలవాటుంది గానీ, చేతిసూదిలో దారం ఎక్కించడానికి నాకు కళ్ళు ఆనడం లేదు. కాజాలు, గుండీలు, అంచులు, అన్నీ చేతిసూది పనే కదా. కళ్ళజోడు మార్పించుకోమంటావు. వెళ్తే ఆ కళ్ళ డాక్టరు "ఇక సూదిపని మానెయ్యండమ్మా" అంటాడేమోనని బెంగ. మానేస్తే నేనేం చెయ్యను? ఏ చీటీ వెనక రాసుకోను? మాస్టారికి తెలియకూడదు. ఇప్పటికైతే నెట్టుకొస్తున్నాను. పొద్దున్నే వెళ్ళేసరికి సూదులు గుచ్చే దిండుకి ముందురోజు ఎలాగో తంటాలు పడి ఎక్కించి వదిలేసిన సూదులు నాలుగైదు ఉంటాయి, వాటితో మధ్యాహ్నం దాకా గడుస్తుంది.

వేళకి తిను. కోపంతో కడుపు నిండదు.

అత్తయ్య

*

జూన్ 16

అత్తయ్యా!

నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర లేదు. ముప్పయ్యొక్క ఏళ్ళ చాకిరీకి ఇదా బహుమానం? కళ్ళు మసకబారిన మనిషిని వీధిలో కూర్చోబెట్టి ప్రదర్శన పెడతాడా? ఆ కత్తెర పట్టిన చెయ్యి చిన్నప్పుడు నా తల నిమిరిన చెయ్యే అని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. వ్యవస్థ మనిషిని ఎలా మారుస్తుందో చూశావా!

నువ్వు బాధని నవ్వులో చుట్టి పంపినా నాకు లోపలిది కనిపించింది. నువ్వింక మాట్లాడక్కర్లేదు. నీ తరఫున నేను మాట్లాడేశాను.

డ్యూటీ అయ్యాక ఫోర్‌మన్‌ని బతిమాలి, మిగులు కాగితం మీద రెండొందల కరపత్రాలు వేశాను. పేరు: "సూది కార్మికురాలి కన్నీటి గాథ". నీ పద్యం మొత్తం పెట్టాను. "కాదనేలోగా" దగ్గర మూడు ఆశ్చర్యార్థకాలు చేర్చాను, నీకు బలం చాలలేదు అక్కడ. మన వీధి రీడింగ్ రూమ్ ఆయనకి కట్ట పంపాను. ఈపాటికి అంటించేసి ఉంటాడు. ఒకటి దీంతో జతచేస్తున్నాను.

తల ఎత్తుకుని కూర్చో. నువ్విప్పుడు ఒంటరివి కావు.

నీ వెనక నిలబడ్డ,
మేనల్లుడు

*

జూన్ 17

అల్లుడూ,

పోయినవారం రాసిన ఆ కిటికీ పద్యం చింపెయ్యరా. కొత్తచోట నాలుగు రోజులు కూర్చున్నాక నాకే సిగ్గేసింది. వెనకగదిలో పట్టపగలు కూడా బల్బు కింద కుట్టుకునేదాన్ని. ఇక్కడ ఎండ సరిగ్గా ఒళ్ళో పడుతోంది, గుడ్డ మీద పోగు పోగూ తెలుస్తోంది. నిన్న మాస్టారు కిటికీకి సగం తెర కూడా కట్టించారు, ఎండ కళ్ళలో పడకుండా. ఎందుకు చేస్తున్నారో అడగలేదు. అడిగినా చెప్పరు.

ఆయనకి నా కళ్ళ సంగతి తెలిసిపోయిందేమోనని అనుమానం. తెలిసినా తెలియనట్టు ఉంటే బాగుండు, అదే కోరుకుంటున్నాను.

నీ చొక్కా సంగతి మర్చిపోలేదు. వచ్చినప్పుడు కొలత ఇద్దువుగాని.

అత్తయ్య

*

జూన్ 21

అత్తయ్యా,

నిజం చెప్పు. పదిహేడో తారీకు ఉత్తరం నీ చేత ఎవరు రాయించారు?

నాకేం అర్థం కాదనుకోకు. అందులో ఒక్క పద్యం లేదు. ఒక్క వెక్కిరింత లేదు. నన్ను అగ్గిపెట్టె అని కూడా అనలేదు. "తెర కట్టించారు", "ఎండ బాగుంది" అంటూ ఇంత నెమ్మదిగా నువ్వు ఎప్పుడు రాశావు? ఇలాంటి ఉత్తరాలెలా పుడతాయో నేను చదివాను. బెదిరించిన మనిషి పక్కన నిలబడి ఉంటాడు, బెదిరిన మనిషి ఎండ గురించి రాస్తుంది.

నువ్వు భయపడకు. రెండో కరపత్రానికి కాగితం చూసి పెట్టాను. ఇది పసుపు రంగు.

ఆగ్రహంతో,
మేనల్లుడు

*

జూన్ 25

మేనల్లుడికి,

ఇందులోనూ పద్యం లేదు. ఈసారి కూడా ఎవరూ రాయించలేదు. ఫోన్ చేస్తే నీ గొంతు విని తిట్టలేకపోతానని కాగితం తీశాను.

నీ కరపత్రం మన వీధిలో పదకొండు చోట్ల ఉంది. కొట్టు తలుపు మీద కూడా ఒకటి. అందులో నా పేరు పక్కన "వృద్ధురాలు" అని వేశావు. రెండుచోట్ల వేశావు. నాకు అరవయ్యొకటి! ఆ సంగతి తర్వాత చూసుకుంటాను.

"సూదిలో దారం కూడా ఎక్కించలేని దీనావస్థలో" అని వేశావే, అది ఎవరికీ చెప్పొద్దని కదట్రా నేను నీకు రాసింది? ఒక్కడికి చెప్పాను. నువ్వు రెండొందలు వేశావు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి పట్టు రవిక ఇచ్చి వెళ్ళింది, మర్నాడే వచ్చి "తొందరేం లేదండీ, తర్వాత కుట్టించుకుంటా" అని తీసుకెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు కూడా అంతే. మర్యాదగానే తీసుకెళ్ళారు. అదే ఇంకా కష్టంగా ఉంది.

మాస్టారు దాన్ని తలుపు దగ్గర నిలబడి మొత్తం చదివారు. చింపలేదు. లోపలికొచ్చి టేపు మెడలోంచి తీసి మేకుకి తగిలించి, మధ్యాహ్నమే ఇంటికెళ్ళిపోయారు. మర్నాటి నుంచి వస్తున్నారు, గుడ్డ కోస్తున్నారు. నన్ను "అమ్మాయ్" అనడం లేదు. "ఏమండీ" అంటున్నారు. ముప్పయ్యొక్క ఏళ్ళ తర్వాత "ఏమండీ" అంటే ఎలా ఉంటుందో నీ ముప్పై రెండు పేజీల్లో ఉందేమో చూడు.

అసలు సంగతి ఇది. ఆ మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి దిండుకి సూదులున్నాయి గానీ ఒక్కదానికీ దారం లేదు. తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. ముందురోజు నేనే ఎక్కించి వదిలేశాననుకున్న సూదులు, నేను ఎక్కించినవి కావురా. రోజూ నాకంటే ముందు వచ్చి ఆయన ఎక్కించి పెట్టేవారు. ఎన్ని నెలలుగానో నాకు తెలీదు. నా గుట్టు నేను దాస్తున్నాననుకున్నాను, ఆయన దాచారు.

ఇప్పుడు ఒక్క గుండీ కుట్టడానికి పావుగంట పడుతోంది. దారం చివర తడిపి తడిపి నాలుక పొడిబారిపోతోంది. ఇలా ఇంకో పదిరోజులు నడిస్తే నేనే మానేస్తానంటాను. ఆయన చేత చెప్పించుకోను.

పసుపు కాగితం దాచుకో. దేనికైనా అట్ట వేసుకోవచ్చు.

అత్తయ్య

*

జూన్ 29

అత్తయ్యా,

ఈ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటిదాంట్లో తప్పు నాది కాదని నిరూపించాను. రెండోదాంట్లో తప్పు సమాజానిదని నిరూపించాను. మూడోది చదువుకుంటే రెండోదానిలాగే ఉంది. తప్పు నాదే.

మాస్టారికి క్షమాపణ పద్యంలో రాసి పంపుదామనుకున్నాను. మీ కొట్టు భాష అదే కదా. ప్రాస చులకన పని అనుకున్నాను, ప్రాణం పోతోంది. ఇదీ వచ్చింది:

మాస్టారూ, నా మాటలు మిమ్మల్ని నొప్పించాయి,
మన్నించమని నా రెండు చేతులూ జోడించాయి.
మీరు మంచివారు, ఇకనైనా లేవండి,
దోపిడీ కోటలన్నీ కలిసి కూల్చుదాం రండి!

చివరి రెండు లైన్లు వాటంతటవే వచ్చాయి. ఆపుదామంటే ఆగలేదు. ఇంకో ఆరు రాశాను, ప్రతిదాంట్లో ఏదో ఒకటి కూలుతోంది.

లేకపోతే ఇలా చేస్తాను. "సవరణ" అని ఇంకో కరపత్రం వేస్తాను. మా అత్తయ్య చూపు దివ్యంగా ఉందనీ, మాస్టారు మహానుభావుడనీ, మూడొందల కాపీలు. నువ్వు ఊ అంటే చాలు.

మేనల్లుడు

*

జూలై 3

వద్దురా బాబూ వద్దు!

కరపత్రం వద్దు. సవరణ వద్దు. అచ్చులో మళ్ళీ నా కళ్ళు కనిపిస్తే నీ కళ్ళు పీకుతాను.

పద్యమూ వద్దు. ఆయన మొహం చూసి చెప్పాల్సింది కాగితం మీద పంపితే అదీ కరపత్రమే అవుతుంది. ఆదివారం బయల్దేరి రా. ఎదురుగా నిలబడు. ఆయన "రేపు రండి" అంటే నోరు మూసుకుని తిరిగి వెళ్ళు, ఇంకో ఆదివారం రా. పాలాయనకి మూడేళ్ళయింది, నీకెన్నేళ్ళవుతుందో చూద్దాం.

కోటల పద్యం బాగుంది. పొట్ట పట్టుకుని నవ్వాను. చాలారోజులైంది నవ్వి. నువ్వు నవ్వించాలని రాయలేదని తెలుసు, అందుకే బాగుంది.

అత్తయ్య

*

జూలై 10

అత్తయ్యా,

గది చేరాను. నువ్వు వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నావు కాబట్టి ముందర జరిగింది నీకు తెలీదు. సగం విన్నావేమో. మొత్తం రాస్తున్నాను.

దారి పొడుగునా బట్టీ పట్టిన ప్రసంగం ఉంది నా దగ్గర. "మాస్టారూ, ఒక వ్యక్తి యొక్క శ్రమను" అని మొదలవుతుంది. ఆయన బల్ల మీద సుద్దతో గీత గీస్తున్నారు. గీత పూర్తయ్యేదాకా తలెత్తలేదు. అంతసేపు నిలబడేసరికి నా ప్రసంగంలో మొదటి వాక్యం తప్ప అన్నీ ఎగిరిపోయాయి, మొదటి వాక్యం కూడా ఆయన మొహం చూశాక అనబుద్ధి కాలేదు. "తప్పయింది మాస్టారూ" అన్నాను. అంతే వచ్చింది.

ఆయన నావైపు నడిచొచ్చి "చెయ్యెత్తు" అన్నారు.

కొడతారనుకున్నాను. కొట్టించుకోవాలనే నిర్ణయించుకున్నాను కూడా. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఎత్తాను. చంక దగ్గర చొక్కా పర్రుమంది. తర్వాత ఛాతీ చుట్టూ చల్లగా ఏదో తగిలింది. టేపు!

"గుడ్డ తేలేదు మాస్టారూ" అన్నాను. "నోరు ముయ్యి, ఊపిరి వదులు" అన్నారు. అలమారలోంచి నీలం గుడ్డ తీశారు. భుజం, చెయ్యి, మెడ, అన్నీ కొలిచారు. నా జీవితంలో ఇన్ని పుస్తకాలు చదివాను గానీ, చేతులు పైకెత్తి నిలబడి ఏడవొచ్చని ఎక్కడా రాయలేదు.

పొద్దున్న నేను బస్సుకి బయల్దేరేముందు కొట్టుకెళ్ళాను, నీ సూదులకి దారం ఎక్కిద్దామని. ఇరవై రెండేళ్ళ కళ్ళు నావి. మూడు సూదులకి ఇరవై నిమిషాలు పట్టింది. వేలికి గుచ్చుకుంది కూడా. ఈలోపు మాస్టారు వచ్చారు. నన్ను పక్కకి జరగమని, కిటికీలోంచి వీధి చూస్తూనే ఎనిమిదింటికి ఎక్కించేశారు. నీకు చెప్పొద్దన్నారు. చెప్పేశాను. ఈ ఒక్క గుట్టు మాత్రం బయటపెట్టడం తప్పు కాదని నా అభిప్రాయం.

మీ (వందనాలు మర్చిపోయాను)
అల్లుడు

*

జూలై 22

ఒరేయ్ అగ్గిపెట్టె,

చొక్కా పంపుతున్నాను. కాలరు దగ్గర కుట్టు ఒకచోట కాస్త పక్కకి పోయింది. అది కళ్ళ తప్పు కాదు, నీ ఉత్తరం గుర్తొచ్చి నవ్వుతూ కుట్టాను.

సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మాస్టారే తీసుకెళ్ళారు. "పద అమ్మాయ్" అన్నారు. విన్నావా, అమ్మాయ్! డాక్టరు గోడ మీద అక్షరాలు చదివించాడు. నేను ఐదు వరసలు చదివాను. ఎలాగూ వచ్చారు కదా మీరూ చదవండి అన్నాడు మాస్టారితో. ఆయన మూడు చదివి ఆగిపోయారు!

"మరి ఇన్నాళ్ళూ నా సూదులు ఎలా ఎక్కించారు మాస్టారూ?" అని అడిగాను. "చూసి ఎక్కించేది కాదులే" అన్నారు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం నేను వినలేదు.

సూదిపని మానమని డాక్టరు అనలేదు. ఇద్దరికీ కొత్త అద్దాలిచ్చాడు. వాటిలోంచి చూస్తే మాస్టారు బాగా ముసలాయన అయిపోయారు. ఆయనకి నేనెలా కనిపిస్తున్నానో అడగలేదు. కొన్ని అడక్కూడదు.

బ్యాంకు అమ్మాయి ఇంకో రవిక గుడ్డ తెచ్చింది. ఆ పట్టుది వేరే కొట్లో కుట్టించిందట, బాగానే ఉందట, "చీటీ వెనక మాత్రం ఏమీ లేదండీ" అని మొహం వేలాడేసుకుని నిలబడింది. నీ కరపత్రాలు ఇంకా రెండు గోడల మీద మిగిలాయి. "వృద్ధురాలు" అన్నచోట ఎవరో సుద్దతో కొట్టేసి "అమ్మాయి" అని రాశారు. ఈ వీధిలో సుద్ద ఎవరి జేబులో ఉంటుందో నీకు తెలుసు.

జేబులో నీ కొలత చీటీ పెట్టాను. చివరి రెండు లైన్లు నావి కావు. ఆయన రాయడం ఇదే మొదలు. గంటన్నర పట్టింది, ఈలోపు ఇద్దరు వచ్చి తిరిగి వెళ్ళిపోయారు. నవ్వావో, ఇద్దరం కలిసి వచ్చి తంతాం.

అత్తయ్య

*

(చొక్కా జేబులో చీటీ)

నీలం చొక్కా. పొడుగు చెయ్యి.
ఛాతీ 36. భుజం 17. చెయ్యి 24. మెడ 14½.

(వెనకవైపు)

ఛాతీ ముప్పైయారు, భుజం చూస్తే పదిహేడు,
కోపం కొలవబోయాం, టేపు చాలలేదు నేడు.

ఇంకా పెరిగేవాడని లోపల గుడ్డ వదిలాను,
బుద్ధికి కూడా చోటుండాలని వదులుగా కుట్టించాను.